వడగాలి కంటే ముందు వాడపటం

2018 అక్టోబరు 9న భిలాయి ఉక్కు కర్మాగారంలో కోక్ ఓవెన్ గ్యాస్ గొట్టానికి మంటలంటుకుని పదిమందికి పైగా ప్రాణాలు పోయాయి. భిలాయిలోని మా పవర్ హౌస్ ప్రాంతంలో ఆ దిగులు తీరనేలేదు, రెండు రోజులకే, 11వ తేదీ తెల్లవారుజామున, పలాస దగ్గర తిత్లీ తుపాను తీరం దాటింది. క్యాంప్-1, క్యాంప్-2, ఖుర్సీపార్‌లలో ఉంటున్న మన తెలుగువాళ్లలో చాలామందికి సొంతూరు శ్రీకాకుళం వైపే. ఫోన్లు కలవలేదు. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయని టీవీ చూసి తెలుసుకున్నారు.

తిత్లీ అనగానే నాకు తీరం కంటే ముందు కొండలు గుర్తొస్తాయి. ఒడిశా తీరంలో లక్షల మందిని ముందే తరలించారు. ఎక్కువమంది చనిపోయింది సముద్రానికి దూరంగా, గజపతి జిల్లా కొండల్లో. బరఘర ఊరి దగ్గర వానకు తాళలేక కొందరు గుహలాంటి చోట తలదాచుకున్నారు. కొండచరియ విరిగి వాళ్ల మీదే పడింది. తుపాను ఎక్కడ తీరం దాటుతుందో ఉపగ్రహం చెప్పగలదు. వాన ముదిరితే ఫలానా వాలు కింద ఉన్నవాళ్లు ఎటు పరుగెడతారో ఆ ఊరివాళ్లే చెప్పాలి. అది వానకు ముందే ఎవరైనా అడిగి, కాగితం మీద పెట్టాలి.

విపత్తు వచ్చిపోయాక బియ్యం, టార్పాలిన్లు మోసుకెళ్లడం మనకు అలవాటైన సాయం. సాయాన్ని ముందుకు జరిపే పని ఇప్పుడు కొన్నిచోట్ల జరుగుతోంది. 2020 జులైలో బంగ్లాదేశ్‌లోని జమున నదికి పెద్ద వరద రానుందని అంచనా అందగానే, ప్రపంచ ఆహార కార్యక్రమం నదీ తీరంలోని వేలాది కుటుంబాలకు 4,500 టాకాల చొప్పున పంపింది. నీళ్లు ఇంట్లోకి రాకముందే జనం తిండిగింజలు కొనుక్కోగలిగారు. అంచనా సరిగ్గా ఉండి, డబ్బు సిద్ధంగా ఉంటే చాలదు. ఎవరి ఇంటికి ముందు వెళ్లాలో తెలియాలి. నా ఆరాటమంతా దాని గురించే.

పవర్ హౌస్‌కు తుపాను రాదు. మాకొచ్చే విపత్తు మే నెల ఎండ. రైలు కట్టకు ఒక పక్క చెట్ల నీడన టౌన్‌షిప్ సెక్టార్లు, మరో పక్క కర్మాగారం కట్టిన కూలీల కోసం వెలిసిన క్యాంపులు. ఇక్కడ రేకుల కింద ఒకే గదిలో సంసారాలు సాగుతాయి. పగటి వేడిని మింగిన రేకు రాత్రంతా దాన్ని లోపలికి కక్కుతూనే ఉంటుంది. నిద్రలో కూడా చల్లబడని ఒళ్లు మర్నాటి ఎండకు తట్టుకోలేదు. 2015 వేసవిలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యిమందికి పైగా వడదెబ్బతో చనిపోయారు. 2010 నాటి ఎండలు చూసిన అహ్మదాబాద్ 2013లో నగరానికంతా ఒక వేసవి ప్రణాళిక రాసుకుంది. ప్రణాళిక నగరానిది, వడదెబ్బ మాత్రం ఫలానా సందులో ఫలానా మనిషికి తగులుతుంది.

అందుకే మేం చలి తగ్గగానే పటం గీయడానికి కూర్చుంటాం. సిమెంటు అరుగు మీద ముగ్గుతో మొదలుపెడతాం. మగవాళ్లు ముందు జీఈ రోడ్డు, గుడి, మార్కెట్టు గీస్తారు. ఆడవాళ్ల చేతికి ముగ్గు రాగానే కుళాయి, మురుగుకాలవ, రాత్రి దీపం వెలగని సందు వచ్చి చేరతాయి. మొన్నటిసారి నేను గీసిన కాలవను ఒకావిడ అరచేత్తో చెరిపేసింది. "అలా కాదు బాబూ, కాలవ ఇటేపు తిరుగుతాది. పెద్ద వానొస్తే ముందు మునిగేది మా సందే" అని తనే గీసింది. ఇంటికో చింతగింజ పెడుతూ పోతుంటే ఒకచోట ఆమె చెయ్యి ఆగింది. "ఈ ఇంట్లో ముసిలమ్మ మంచం దిగలేదు. కొడుకు పనికెళ్తే బయట గొళ్లెం పెట్టేసి ఎల్తాడు." పక్కనే ఉన్న మితానిన్ ఆ గింజ మీద ఎర్ర సీసా మూత పెట్టింది. 2002లో ఛత్తీస్‌గఢ్‌లో మొదలైన ఆరోగ్య కార్యకర్తల వ్యవస్థ ఈ మితానిన్లది. ఇళ్లలోపలి సంగతులు వాళ్లకు తెలిసినంతగా ఏ రికార్డుకూ తెలియవు.

దూరం నుంచి పటాలు గీసేవాళ్లంటే నాకు గౌరవం. 2010లో హైతీ భూకంపం తర్వాత ఎక్కడెక్కడో కూర్చున్న వలంటీర్లు ఉపగ్రహ చిత్రాలు చూసి పోర్టో ప్రిన్స్ వీధులను ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోకి ఎక్కించారు, సహాయక బృందాలు వాటినే వాడుకున్నాయి. ఆకాశం నుంచి కప్పు కనిపిస్తుంది. గొళ్లెం కనిపించదు.

అలాగని తెలిసినదంతా పటంలో పెట్టేయడం తప్పు. పగలు ఒంటరిగా ఉండే ముసలావిడ ఇల్లు ఎక్కడో ప్రపంచానికి చెప్పక్కర్లేదు. పట్టా లేని ఇళ్లవాళ్లకు పటమంటేనే భయం, ఆ కాగితం చూసుకుని రేపు ఎవరో ఖాళీ చేయమంటారని. ఆ భయాన్ని కొట్టిపారేయకూడదు. కుళాయి, నీడ, నీళ్లు నిలిచే చోటు అందరి పటంలో ఉండాలి. ఎర్ర మూతల పటం మితానిన్ బీరువాలో ఉండాలి. అద్దె ఇళ్లలో మనుషులు మారిపోతుంటారు కాబట్టి ఏటా కొత్తగా గీయాలి.

పటం చేతికొచ్చాక చేయాల్సినవి చిన్న పనులే. రేకుల మీద సున్నం కొట్టించడం, ఓఆర్ఎస్ పొట్లాలు ముందే ఇంట్లో పెట్టడం, గొళ్లెం తీసి చూసే బాధ్యత పక్కింటివాళ్లకు అప్పగించడం. రోజుకూలీ అయితే ఎండ ముదిరిన రోజు కూలి డబ్బులో కొంతైనా చేతిలో పడాలి. 2024లో ‘సేవా’ (SEWA) అనే మహిళా కార్మిక సంఘం గుజరాత్, రాజస్థాన్, మహారాష్ట్రల్లో శ్రామిక మహిళలకు ఎండ తీవ్రతను బట్టి డబ్బు ఇప్పించింది. ఇక్కడా ఇవ్వొచ్చు.

ఫిబ్రవరి దాటకముందే మీ వీధి మితానిన్‌నో ఆశా కార్యకర్తనో పిలిచి, కుళాయి దగ్గరి ఆడవాళ్లతో ఒక మధ్యాహ్నం కూర్చోండి. అందరికీ చూపదగ్గ పటం నకలు వార్డు కార్పొరేటర్ (పార్షద్)కు ఇచ్చి, మే నెలలోపు ఏం చేస్తారో అడగండి.