బొగ్గు నేలలో పశువు, పులి: ‘సంపర్కం’ కొలతపై ఒక విమర్శ

వన్యమృగాలకూ పెంపుడు పశువులకూ మధ్య సంపర్కాన్ని నష్టపరిహారపు దరఖాస్తులతో కొలిచే క్షేత్ర పరిశోధన, గోదావరి తీరపు బొగ్గు ప్రాంతంలో సగం సత్యాన్నే చూస్తుంది. నదికి ఉత్తరాన కవ్వాల్ 2012లో పులుల అభయారణ్యమైంది. మహారాష్ట్రలోని తడోబా నుండి పులులు నదులు దాటి ఇటు వస్తున్నాయి. పులి చంపిన ఆవు లెక్కకెక్కుతుంది. గాలికుంటు వైరస్‌కు మాత్రం ముఖాముఖి అక్కరలేదు. మంద తాగిన మడుగులోనే తరువాత దుప్పి తాగినా సోకే వీలుంది. దొమ్మరోగపు బీజాలు మట్టిలో దశాబ్దాలు నిలుస్తాయి. వీటికి దరఖాస్తు ఉండదు.

రామగుండం, గోదావరిఖని పరిసరాల్లో ఈ లోపం మరింత తీవ్రం. ఓపెన్‌కాస్టు తవ్విన చోట మేతబీడు పోతుంది, మట్టిగుట్టలు లేస్తాయి, మంద దారి మారుతుంది. అడవి అంచును పటంపై చెరగని గీతగా భావించే అధ్యయనానికి ఈ కదలిక అందదు. ఆ దారి ఎరిగినవాడు పశులకాపరి. అతణ్ణి కేవలం ‘సమాచారదాత’ అనడం (ఆ మాటలోనే చిన్నచూపు ఉంది) పద్ధతిలోని లోపమే. ఉత్తరాన కాగజ్‌నగర్ అడవిలో 2024 జనవరిలో పులులు మరణించినప్పుడు అనుమానం విషం కలిపిన పశుకళేబరం మీదికే వెళ్లింది. పరిహారపు పట్టికలో ఆ పశువు నష్టంగా నమోదైతే, అంతటితో దాని కథ ముగిసినట్లే.