వెన్ను మీది అంకె

గ్రంథాలయ పుస్తకం వెన్ను మీద, కింది అంచున, తెల్ల చీటీలో కొలువైన అంకెమ్మా, నీకు శనార్తి.

కథల పుస్తకానికి రాసినవాళ్ల పేరు తెలిస్తే చాలు. పంటకూ పాముకూ పన్నుకూ నువ్వే దిక్కు. 1876లో గ్రంథపాలకుడు మెల్విల్ డ్యూయీ లోకజ్ఞానాన్నంతా పది వందల కింద పంచిన నాటి నుంచి కరీంనగర్‌లోనైనా కాన్సాస్‌లోనైనా, ఆ పద్ధతి నడిచేచోట వైద్యం 610, సేద్యం 630.

వస్తువు ఏదని నువ్వు అడగవు, ఎవరి కంటితో చూశారని అడుగుతావు. గోదావరిఖని బొగ్గునే తీసుకో. భూమి పొరల్లో దాని పుట్టుక చెప్పే పుస్తకం 553.24లో ఉంటుంది. బాయిలో దిగి తవ్వే విద్య 622.334కు పోతుంది. అదే బాయి కార్మికుల సంఘం కథ ఎక్కడో 331.88లో జెండా పట్టుకుని నిలబడుతుంది. ఒక్క బొగ్గుకు మూడు బీరువాలు! చెదిరిన ఈ ముగ్గురినీ ఒక్క పేరు కింద మళ్లీ కూర్చేందుకే డ్యూయీ చివర్న ఒక సూచిక పెట్టాడు. అతని పనిలో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

నచ్చనిదీ ఉంది. మతాల వందలో పెద్ద వాటా క్రైస్తవానికి రాసిచ్చి, మిగతా లోకాన్నంతా 290లలో ఇరికించాడు. గోండులు కొలిచే కేస్లాపూర్ నాగోబా కూడా ఆ ఇరుకులోనే సర్దుకోవాలి. మన గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1933లో కోలన్ వర్గీకరణ పద్ధతి తెచ్చింది ఊరికే కాదు.

అయినా అంకెమ్మా, భాషల వరసలో ఒకచోట నిన్ను క్షమిస్తాను. 494.823 గోండి. 494.827 తెలుగు. బడిలో, కచేరీలో ఎడంగా కూర్చోబెట్టిన అక్కచెల్లెళ్లను నువ్వు ఒకే అరలో భుజం భుజం తాకేలా నిలబెట్టావు. చుక్క తర్వాత నిన్ను ఒక్కో అంకెగా చదవాలి. 827 పెద్దదనుకుని 83 దాటాక వెతికితే తెలుగు దొరకదు, 83లో ఉన్న బ్రాహుయి భాష పలకరిస్తుంది.

ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో బయటపడ్డ గోండి లిపికి 2018లో యూనికోడ్ చోటిచ్చింది. రేపు ఆ లిపిలో వ్యాకరణం ఒకటి అచ్చయి వస్తే ఏ పుస్తకం నంబరూ మార్చనక్కర్లేదు. దాని చోటు ఎప్పుడో రాసిపెట్టి ఉంది, చీటీ అతికించడమే తరువాయి.