పునర్వినియోగమా, ప్రతిలేఖనమా? – కర్మాగార నియంత్రణ సాఫ్ట్‌వేర్ ప్రమాణాలపై విమర్శనాత్మక పరిశీలన

కర్మాగార నియంత్రణలో పునర్వినియోగ సమస్య కొత్తది కాదు. వాహన నమూనాలు మారినప్పుడల్లా రిలే పలకల తీగలను విప్పి మళ్లీ కలపవలసి వచ్చేది. అందుకు ప్రత్యామ్నాయాన్ని జనరల్ మోటార్స్ సంస్థలోని హైడ్రామాటిక్ విభాగం 1968లో కోరింది. ఆ అవసరం నుంచే ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్ రూపొందింది. దీనితో నియంత్రణ పరికరం పునర్వినియోగానికి అనువైంది. ప్రోగ్రాం మాత్రం ఏ యంత్రానికి రాసినది ఆ యంత్రానికే కట్టుబడి ఉండిపోయింది.

1993లో వెలువడిన ఐ.ఇ.సి. 61131-3 ప్రమాణం ప్రోగ్రామింగ్ భాషలకు ఉమ్మడి నియమాలను ఏర్పరచింది. ఒక మోటారు కోసం రాసిన ఫంక్షన్ బ్లాకును అనేక మోటార్లకు వాడుకోవచ్చునన్నది ఇందులోని ఆశయం. అయితే బ్లాకు లోపలి నుంచి గ్లోబల్ వేరియబుల్‌ను చదవడానికి అదే ప్రమాణం అనుమతిస్తుంది. గాలి పీడన సంకేతాన్ని ఈ విధంగా చదివే బ్లాకు మరో యంత్రానికి తరలినప్పుడు, ఆ ఆధారం దాని ఇన్‌పుట్‌లలో కనిపించదు. అందువల్ల ప్రోగ్రాం మొత్తాన్ని నకలు చేసి, అవసరమైన చోట దిద్దుకోవడమే సులువైన మార్గమవుతుంది.

తాళపత్ర ప్రతులలో పాఠాంతరాలు ఏర్పడినట్లే ఈ నకళ్లలోనూ భేదాలు ఏర్పడతాయి. కానీ ఇక్కడ పరిష్కర్త పని మరింత క్లిష్టమైనది. కొన్ని భేదాలు ఆయా యంత్రాలకు అవసరమైనవి. కొన్ని కేవలం దిద్దని దోషాలు. కారణం రాసి ఉంచకపోతే వీటిని వేరుచేయడం కష్టం. ఒక నకలులో సవరించిన దోషం మిగిలిన వాటిలో యథాతథంగా నిలిచిపోతుంది.

2005 నాటి ఐ.ఇ.సి. 61499 గ్లోబల్ వేరియబుల్స్‌ను విడిచి, బ్లాకుల అమలు క్రమాన్ని ఈవెంట్ అనుసంధానాల ద్వారా వ్యక్తం చేసింది. అయినా తొలి కూర్పులోని అమలు నియమాల అస్పష్టత వల్ల ఒకే ప్రోగ్రాం వేర్వేరు వేదికలపై వేర్వేరుగా ప్రవర్తించే అవకాశం ఏర్పడింది. 2012 నాటి రెండవ కూర్పు ఈ నియమాలను సవరించింది. 2013లో 61131-3 మూడవ కూర్పు క్లాసులను, ఇంటర్‌ఫేసులను చేర్చింది.

ఈ మార్పులు ప్రోగ్రాం నిర్మాణాన్ని మెరుగుపరిచాయనడంలో సందేహం లేదు. కానీ అవి యంత్రం గురించిన ఊహలను వాటంతటవే వెల్లడించవు. విద్యుత్తు ఆగినప్పుడు ఒక యంత్రంలోని వాల్వు మూసుకోవచ్చు, మరొకదానిలో తెరుచుకోవచ్చు. ఒకే బ్లాకు రెండింటిలోనూ ఏ దోష సూచనా లేకుండా కంపైలవుతుంది. తేడా బయటపడేది యంత్రం పక్కన మనిషి నిలబడి ఉన్నప్పుడు. కనుక పునర్వినియోగాన్ని తరలించిన పంక్తుల సంఖ్యతో కాక, బ్లాకుతో పాటు రాసి ఇచ్చిన షరతులతో అంచనా వేయడం సముచితం. షరతులు లేని పునర్వినియోగం ప్రతిలేఖనమే అవుతుంది.