లూసీని చూసి నవ్వేదెందుకు?

నవ్వించే నటిని గురించి రాయటం మన విమర్శకులకు చిన్నతనంగా తోస్తుంది. అందులోనూ అమెరికా టెలివిజనులో అల్లరి భార్య వేషం కట్టిన నటి! కాని లూసిల్ బాల్‌ను అంత తేలికగా కొట్టిపారెయ్యటం సబబని నేననుకోను.

ఆమె 1911లో న్యూయార్క్ రాష్ట్రంలోని జేమ్స్‌టౌన్‌లో పుట్టింది. తండ్రి టెలిఫోను తీగెలు లాగే పనివాడు. ఆమెకు నాలుగేళ్లు నిండకముందే టైఫాయిడ్‌తో పోయాడు. హాలీవుడ్‌లో ఏళ్లతరబడి చిన్నా పెద్దా వేషాలు వేసినా, నలభయ్యో యేట గాని ఆమె శక్తి లోకానికి తెలియలేదు. 1951 అక్టోబరులో “ఐ లవ్ లూసీ” మొదలయింది. తెరమీది భర్తగా తన సొంత భర్త, క్యూబావాడైన డెసీ ఆర్నాజ్ వుండాలని ఆమె పట్టుబట్టింది. అమెరికను పిల్లకు క్యూబా మొగుడంటే జనం వొప్పుకోరేమోనని టెలివిజను కంపెనీ జంకింది. జనం ఒప్పుకొన్నారు.

పాటగాడి భార్య లూసీకి యిల్లొక్కటే చాలదు. రంగమెక్కాలి, సంపాదించాలి. వారం వారం బయల్దేరుతుంది, అరగంటలో నవ్వులపాలై వంటింటికే తిరిగొస్తుంది. కనుక యీ కథలు స్త్రీని వెక్కిరిస్తున్నవని వాదించవచ్చు. ముగింపులు మాత్రమే చూస్తే ఆ వాదం నిజమే. కాని ప్రేక్షకుడి మనసులో నిలిచేది ముగింపేనా?

1952లో వచ్చిన చాక్‌లెట్ ఫ్యాక్టరీ కథనే తీసుకొందాం. ఆడవాళ్లు పనికీ, మగవాళ్లు వంటకూ దిగుతారు. లూసీ, ఆమె స్నేహితురాలు ఎథెల్ కదిలే పట్టీమీద వచ్చే మిఠాయిలకు కాగితం చుట్టాలి. ఒక్కటి చుట్టకుండా దాటిపోయినా వుద్యోగం వూడుతుంది. పట్టీ వేగం హెచ్చుతుంది. అందనివాటిని నోట్లో కుక్కుకొంటారు, టోపీల్లో, రవికెల్లో దాస్తారు. అజమాయిషీ చేసే ఆమె వచ్చి, పని బ్రహ్మాండంగా సాగుతున్నదని తృప్తిపడి, యింకా వేగం పెంచమంటుంది. “మోడరన్ టైమ్స్” (1936)లో చాప్లిన్ కార్మికుడికి యంత్రం ముందు మతి చలిస్తుంది. లూసీకి ఆ స్వేచ్ఛ కూడా లేదు. పని నిలుపుకోవాలి గనుక తప్పును మింగెయ్యాలి. ఆ ఉబ్బిన బుగ్గలలో, బెదిరిన కళ్లలో కూలి జీవితం ఎంతున్నదో, ఎన్నో గంభీర నాటకాలలో అంత లేదు. ఇంటిదగ్గర మగవాళ్ల అన్నం పొంగి వంటిల్లంతా పరుచుకొన్నది కూడా ఆ కథలోనే. రచయితలు ఉద్దేశించారో లేదో నాకు ముఖ్యం కాదు.

1953లో ఆమెకు మరోరకం ముప్పు వచ్చింది. సోషలిస్టు అయిన తాతను సంతోషపెట్టటానికి 1936లో కమ్యూనిస్టు వోటరుగా పేరు నమోదు చేయించుకొన్నానని ఆమె విచారణ సంఘం ముందు చెప్పుకోవలసి వచ్చింది. బయటపడింది. మరో నటి జీన్ మూర్ 1950లో, వొక జాబితాలో పేరు అచ్చయినందుకే టెలివిజను వేషం పోగొట్టుకొన్నది. ఇద్దరికీ తేడా న్యాయంలో లేదు; లూసీ వెనక కోట్లాది ప్రేక్షకులున్నారు, వారికి అమ్ముకోవలసిన సిగరెట్లున్నవి.

తాను వొకప్పుడు జీతానికి నటించిన ఆర్.కె.ఓ. స్టూడియోను 1957లో దంపతుల కంపెనీ డెసిలూ కొన్నది. 1960లో విడాకులు. 1962లో భర్త వాటా కూడా కొని ఆమె కంపెనీకి అధిపతి అయింది. ఆ సంవత్సరమే “ద లూసీ షో” మొదలయింది. అందులో ఆమె పిల్లలున్న విధవ. ఆమె డబ్బు వొక బాంకు పెద్దమనిషి చేతిలో వుంటుంది, ఖర్చు వచ్చినప్పుడల్లా వెళ్లి అతన్ని బతిమాలుకోవాలి.