మోకాలికి లేత్ పని

విజయవాడ ఆటోనగర్‌లో నాన్న షెడ్డు ఉండేది. లేత్ ఒక కంపెనీది, చక్ ఇంకొకరిది, టూల్ బిట్లు ఆ పూట ఎక్కడ చవగ్గా దొరికితే అక్కడివి. బిగిస్తే పట్టిందా లేదా, అంతే లెక్క. పక్క షెడ్డు మేస్త్రీ పొద్దున చేసిన జిగ్గు సాయంత్రానికి మా బల్ల మీద ఉండేది. ‘చూసి నేర్చుకున్నా’ అంటే ఎవరూ తగువుకొచ్చేవాళ్లు కాదు.

అవనిగడ్డ నుంచి మేనత్తను మోకాలి ఆపరేషన్‌కి తెస్తే, డాక్టరు రోబోతో చేద్దామన్నారు.

‘కోసేది నువ్వా బాబూ, అదా?’ అంది అత్త.

‘నేనేనమ్మా. స్కాన్ చూసి ముందే గీసుకున్న హద్దు దాటబోతే రంపాన్ని అది కదలనివ్వదు.’

‘అంటే స్టాపర్’ అన్నాడు నాన్న. నలభై ఏళ్లు లేత్ ముందు నిలబడ్డ మనిషి, ఒక్క మాటలో తేల్చేశాడు.

అలాంటి స్టాపర్ తయారుచేసిన మాకో కంపెనీని 2013లో స్ట్రైకర్ అనే కంపెనీ సుమారు 165 కోట్ల డాలర్లకు కొంది. కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో పుట్టిన బ్లూ బెల్ట్ కంపెనీది వేరే దారి: పనిముట్టు సర్జన్ చేతిలోనే ఉంటుంది, హద్దు దగ్గర కోసే మొన లోపలికి పోతుంది. మాకో, బ్లూ బెల్ట్ పేటెంట్ల మీద తలపడ్డాయి. బ్లూ బెల్ట్‌నేమో స్మిత్ అండ్ నెఫ్యూ 27.5 కోట్ల డాలర్లు పోసి తీసుకుంది. ఇలాంటి రోబో కంపెనీలే మరో రెండు: 2016లో ఫ్రాన్సుకు చెందిన మెడ్‌టెక్ జిమ్మర్ బయోమెట్ చేతికి, 2018లో ఆర్థోటాక్సీ జాన్సన్ అండ్ జాన్సన్ చేతికి వెళ్లాయి. కొన్నవాళ్లంతా అప్పటికే కృత్రిమ కీళ్లు అమ్ముకునేవాళ్లు. కిటుకు అక్కడే ఉందని నా అనుమానం. మాకో రోబోతో స్ట్రైకర్ కీలే వెయ్యాలి మరి.

మన 1970 పేటెంట్ చట్టం, సెక్షన్ 3(ఐ), ఆపరేషన్ చేసే పద్ధతికి పేటెంట్ ఇవ్వదు. హస్తవాసిని ఎవరూ రిజిస్టరు చేసుకోలేరు, అదో ఊరట. యంత్రానికైతే 20 ఏళ్ల హక్కు. ఇక ధర సంగతికొస్తే, 2017 ఆగస్టులో కేంద్రం కోబాల్ట్ క్రోమియం కృత్రిమ మోకీలుకు 54,720 రూపాయల గరిష్ఠ ధర కట్టింది. ఆ కట్టడి లోపల పెట్టే లోహానికి, కోసే యంత్రానికి కాదు.

డిశ్చార్జి రోజున నాన్న ఆగలేక అడిగేశాడు: ‘డాక్టరుగారూ, వేరే కంపెనీ కీలు ఈ రోబోతో వెయ్యలేరా?’

‘కుదరదండీ.’

అత్త వాకరు పట్టుకుని లిఫ్టు దాకా నడిచింది. నాన్న ఇంకా ఆపరేషన్ గది వైపే చూస్తున్నాడు.