పాటకు కూలి

జానపద కళాకారులు తమను వినోద పరిశ్రమలో భాగంగా చూసుకోవాలా? సదస్సుల్లో ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా జవాబు సిద్ధంగా ఉంటుంది: 'కూడదు, అది ప్రజల కళ, సరుకు కాదు.' నేనూ చాలాకాలం అలాగే మాట్లాడాను. సత్యవేడు చుట్టుపక్కల పాటలు సేకరిస్తూ తిరిగాక ఆ మాట అంత తేలిగ్గా నోటికి రావటం లేదు.

మా తూర్పు మండలాల్లో ధర్మరాజుల గుళ్ళలో భారతం పెడతారు. పగలు హరికథ, రాత్రి నాటకం. హరికథకుడికీ నాటకం జట్టుకూ ముందే రేటు మాట్లాడి అడ్వాన్సు ఇస్తారు. కళను అమ్ముకున్నారని వాళ్ళనెవరూ అనరు. జాతరలో పలకల మోతకు ఆడే మాతమ్మ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది 'మొక్కు' అయిపోతుంది. జబ్బు చేసిన ఆడపిల్లను దేవతకు వదిలే ఈ ఆచారం ఎక్కువగా అరుంధతీయ కుటుంబాల మీదే పడింది. ఆమెకు పెళ్ళి లేదు. ఆమె పిల్లలకు బాధ్యత వహించే తండ్రి లేడు. దేవదాసీ ఆచారాన్ని నిషేధిస్తూ రాష్ట్రంలో 1988లోనే చట్టం వచ్చింది. అయినా 2017లో జాతీయ మానవ హక్కుల కమిషన్ మాతమ్మల విషయమై ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వాలకు నోటీసులివ్వాల్సి వచ్చింది. ఊరికి ఆమె ఎప్పటినుంచో వినోదమే. కూలి అడిగే హక్కు, 'ఈసారి రాను' అనే హక్కు మాత్రం ఆమెకు లేవు.

అలాగని పరిశ్రమ ఆడవాళ్ళను ఆదుకుంటుందా? 2021లో 'లవ్ స్టోరీ' సినిమాకు సుద్దాల అశోక్ తేజ రాసిన 'సారంగ దరియా' జానపదం నుంచి వచ్చిందే. అంతకు ముందు 'రేలారె రేలా' టీవీ కార్యక్రమంలో ఆ పాట పాడిన గాయని, తనకు గుర్తింపు దక్కలేదని బయటికొచ్చి చెప్పుకోవాల్సి వచ్చింది. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి పాట రాసినవారికీ పాడినవారికీ రాయల్టీ హక్కులు గట్టిపరిచారు. కానీ జానపద గేయానికి కర్త లేడు. తిరగరాసినవారు కర్తలవుతారు. తల్లి నోటినుంచి కూతురి నోటికి దాన్ని మోసుకొచ్చిన ఆడవాళ్ళు చట్టానికి కనబడరు.

వాళ్ళనీ వీళ్ళనీ అనేముందు నన్ను నేను చూసుకోవాలి. నా సిద్ధాంత గ్రంథంలోని పాటల్లో ఎక్కువభాగం ఒక్కామె పాడినవే. అనుబంధంలో ఆమె 'వక్త: స్త్రీ, 60 ఏళ్ళు' మాత్రమే. పట్టా వచ్చాక చూడబోతే, "పాట నాది, పట్టా నీదా పాపా? నీతో కూచోని రెండు దినాల కూలి పోయె నాకు" అంది నవ్వుతూనే. పాటల మీద బతికే పరిశ్రమల్లో విశ్వవిద్యాలయం కూడా ఒకటని అప్పటిదాకా నాకు తట్టలేదు.

తాము పరిశ్రమలో భాగమా కాదా అన్నది కళాకారులే తేల్చుకుంటారు. పాటను పనిగా, పాడేవాళ్ళను పనివాళ్ళుగా ఒప్పుకోవాల్సింది మనం. 'ప్రజల కళ' అన్న గౌరవం కూలి ఎగ్గొట్టడానికి సాకు కాకూడదు.

ఆ గ్రంథాన్ని ఇప్పుడు పుస్తకంగా వేద్దామనుకుంటున్నాను. ఆమె సరేనంటే పేరు వేస్తాను, పాడిన రోజులకు కూలి లెక్కగట్టి ఇస్తాను. వద్దంటే ఆ పాటలు లేకుండానే పుస్తకం వస్తుంది.