ఎవరితో, ఎప్పుడు: ఒక సీజన్ కూర్పు

క్రీడల గురించి రాసేవారు ఆటగాళ్ల నైపుణ్యాన్నీ కోచ్‌ల ఎత్తుగడలనూ వర్ణించినంత శ్రద్ధగా పోటీల పట్టిక తయారుచేసేవారి పనిని వర్ణించరు. ఏ జట్టు ఏ జట్టుతో, ఏ వారంలో, ఎవరి మైదానంలో తలపడాలో నిర్ణయించే ఆ పట్టిక సరిగా కుదరకపోతే ఎంత గొప్ప ఆటైనా విడివిడి మ్యాచ్‌లుగా మిగిలిపోతుందే తప్ప ఒక సీజన్‌గా రూపుకట్టదు. సీజన్‌ను కూర్చడం కూడా ఒక పనితనమే అనడానికి అమెరికా కళాశాల ఫుట్‌బాల్‌లో 2023 నాటి పాక్-12 కాన్ఫరెన్స్‌ను మించిన ఉదాహరణ దొరకడం కష్టం. ఆ ఏడాది అక్కడి ఆట చాలాకాలం తరువాత మంచి ఊపు మీద ఉండగానే, ఆడించిన వ్యవస్థ కుప్పకూలింది.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే తెలుగునాట ఫుట్‌బాల్‌గా పిలిచే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేతపట్టుకుని పరిగెడుతూ, విసురుతూ ఎదుటి జట్టు చివరి గీత దాటించే ఆట. బంతి దక్కిన జట్టుకు 10 గజాలు ముందుకు సాగడానికి 4 ప్రయత్నాలుంటాయి. ఒక్కో ప్రయత్నాన్ని ‘డౌన్’ అంటారు. నాలుగో డౌన్ విఫలమైతే బంతి ఉన్నచోటనే ప్రత్యర్థికి దక్కుతుంది కనుక, ఆ దశలో చాలామంది కోచ్‌లు సాహసించకుండా బంతిని దూరంగా తన్నిస్తారు. కాన్ఫరెన్స్ అంటే ఒక ప్రాంతంలోని విశ్వవిద్యాలయాలు కలిసి ఏర్పరచుకున్న పోటీల కూటమి. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ఒక్కో జట్టు ఆడే 12 మ్యాచ్‌లలో ఎక్కువ భాగం ఈ కూటమి లోపలే జరుగుతాయి, విజేతను నిర్ణయించేది కూడా వాటి ఫలితాలే.

పాక్-12 మూలం 1915 డిసెంబరులో ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో కాలిఫోర్నియా, వాషింగ్టన్, ఒరెగాన్ విశ్వవిద్యాలయాలూ, నేడు ఒరెగాన్ స్టేట్‌గా పిలిచే వ్యవసాయ కళాశాలా కలిసి స్థాపించిన పసిఫిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో ఉంది. ఆటగాళ్లకు దొంగచాటుగా డబ్బు ముట్టజెప్పిన వ్యవహారం బయటపడిన తరువాత ఆ సంస్థ 1959లో రద్దయినా, వాటిలో చాలా విశ్వవిద్యాలయాలు వేరే పేరుతో మళ్లీ కూడి 1968 నాటికి పాక్-8గా స్థిరపడ్డాయి. అరిజోనా రాష్ట్రపు రెండు విశ్వవిద్యాలయాలు 1978లో చేరడంతో అది పాక్-10 అయింది. కొలరాడో, యూటా 2011లో రావడంతో పాక్-12 అయింది. అమెరికాలో చదువుకునే తెలుగు విద్యార్థుల ఇళ్లలో తరచూ వినిపించే అరిజోనా స్టేట్, సదరన్ కాలిఫోర్నియా వంటి పేర్లు ఈ జాబితాలోవే. కాన్ఫరెన్స్ విజేత జనవరి 1న పాసడీనా పట్టణంలో జరిగే రోజ్ బౌల్ మ్యాచ్‌లో మధ్య పశ్చిమ రాష్ట్రాల బిగ్ టెన్ కాన్ఫరెన్స్ విజేతతో ఆడాలన్న ఏర్పాటు 1947 నుంచి కొనసాగినందువల్ల, దశాబ్దాలపాటు ఈ జట్ల సీజన్‌కు మొదలూ తుదీ, మధ్యలో నడిచే తర్కమూ అందరికీ తెలిసినవే.

కూర్పులో మొదటి ప్రశ్న ఎవరితో ఆడాలన్నది. పది జట్లున్నప్పుడు ఒక్కొక్కరికీ తొమ్మిదిమంది ప్రత్యర్థులు ఉంటారు. 2006 నుంచి 2010 దాకా పాక్-10 జట్లు సరిగ్గా తొమ్మిది కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు ఆడాయి కనుక, ప్రతి జట్టూ మిగిలిన ప్రతి జట్టునూ ఎదుర్కొంది. మొత్తం 45 జోడీలు, 45 మ్యాచ్‌లు. సగం జట్లకు సొంత మైదానంలో ఒక మ్యాచ్ ఎక్కువ దక్కడం తప్ప పట్టికలో మరో ఎగుడుదిగుడు లేదు. జట్లు 12 అయ్యాక జోడీలు 66కు పెరిగినా మ్యాచ్‌లు 54 దగ్గరే ఆగాయి. ఉత్తర, దక్షిణ విభాగాలు ఏర్పరచి ఆ లోటును కొంత సర్దారు; విభాగాలు వేరైనా తమ నలుగురి మధ్య ఏటా పోటీ ఉండి తీరాలని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలు పట్టుబట్టి సాధించుకోవడం వల్ల పట్టిక మరింత చిక్కుపడింది. ఆ పట్టుదల అర్థం లేనిది కాదు. రంజీ ట్రోఫీ 2001-02 దాకా జోన్లవారీగా నడిచినప్పుడు హైదరాబాద్, ఆంధ్ర జట్లు కర్ణాటకతోనూ తమిళనాడుతోనూ ఏటా తలపడేవి. ఒక్క సంవత్సరం ఓటమి మరుసటి సంవత్సరపు లెక్కగా మిగిలేది. ఎలీట్, ప్లేట్ శ్రేణులు వచ్చాక పొరుగు జట్ల భేటీ ఏ శ్రేణిలో, ఏ గ్రూపులో ఎవరు పడతారన్నదానికి వదిలివేయబడింది.

రెండో ప్రశ్న ఎప్పుడు ఆడాలన్నది. పొరుగు విశ్వవిద్యాలయాల మధ్య జరిగే పాత పోటీలను నవంబరు ఆఖరి వారాలకు ఉంచడం అమెరికా కళాశాల ఫుట్‌బాల్‌లో స్థిరపడిన ఆచారం. అప్పటికి రెండు జట్ల బలాబలాలు బయటపడి ఉంటాయి, ఆ మ్యాచ్ ఫలితం మీద ఇంకేదో ఆధారపడి ఉంటుంది. సీజన్ మొత్తం ఓడిన జట్టుకైనా పొరుగువారి అవకాశాలను దెబ్బతీసే ఒక్క రోజు మిగిలి ఉంటుంది. సియాటెల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికీ, అదే రాష్ట్రపు తూర్పు కొసన గోధుమ పొలాల మధ్య ఉన్న పుల్‌మన్ పట్టణపు వాషింగ్టన్ స్టేట్‌కూ మధ్య జరిగే ఆపిల్ కప్ 2023 దాకా అలాంటిదే. పుల్‌మన్‌లో 1992లో మంచు కురుస్తుండగా ఆతిథ్య జట్టు 42-23తో గెలిచిన మ్యాచ్‌ను అక్కడివారు ఇప్పటికీ చెప్పుకోవడానికి ఆట ఎంత కారణమో, పట్టిక ఆ పోటీని చలికాలపు అంచున నిలపడమూ అంతే కారణం.

ఈ కూర్పును దెబ్బతీసినది మైదానంలో జరిగినదేదీ కాదు. అమెరికా సుప్రీంకోర్టు 1984లో ఓక్లహోమా విశ్వవిద్యాలయ పాలకమండలి కేసులో ఇచ్చిన తీర్పుతో కళాశాల ఫుట్‌బాల్ టెలివిజన్ ప్రసారాలపై జాతీయ క్రీడాసంఘం గుత్తాధిపత్యం పోయి, ఎవరి హక్కులను వారే అమ్ముకునే స్వేచ్ఛ వచ్చింది. క్రమంగా ఆ అమ్మకం కాన్ఫరెన్స్‌ల చేతిలోకి చేరింది. పాక్-12 2011లో 12 ఏళ్లకు సుమారు 300 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నప్పుడు దాన్ని మించినది లేదు. అయితే 2012లో సొంతంగా ప్రారంభించిన టెలివిజన్ ఛానళ్లు ఒక ప్రధాన ఉపగ్రహ ప్రసార సంస్థ జాబితాలోకి ఏనాడూ ఎక్కలేకపోయాయి, ఈలోగా ప్రత్యర్థి కాన్ఫరెన్స్‌ల ఆదాయం దాటిపోయింది. సదరన్ కాలిఫోర్నియా, యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయాలు 2022 జూన్ 30న బిగ్ టెన్‌కు వెళ్లనున్నట్టు ప్రకటించాయి. కొద్ది వారాలకే బిగ్ టెన్ ఏడేళ్లకు 700 కోట్ల డాలర్లకు పైబడిన ప్రసార ఒప్పందం కుదుర్చుకున్నట్టు వార్తలొచ్చాయి. 2023 జులైలో కొలరాడో, ఆగస్టు 4న ఒక్కరోజులోనే ఒరెగాన్, వాషింగ్టన్, అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా, సెప్టెంబరు 1న స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా ఇతర కాన్ఫరెన్స్‌ల దారి పట్టాయి. చివరికి ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ మాత్రమే మిగిలాయి. పోతున్నవారికీ ఉన్నవారికీ మధ్య ఆస్తుల, అధికారాల తగవు కోర్టుకెక్కింది.

ఆ పరిస్థితిలో మొదలైన సీజన్‌లో ఆట మాత్రం పదునెక్కింది. వాషింగ్టన్ జట్టులో మైకేల్ పెనిక్స్ జూనియర్, ఒరెగాన్‌లో బో నిక్స్ క్వార్టర్‌బ్యాక్‌లు; క్వార్టర్‌బ్యాక్ అంటే ప్రతి ప్రయత్నంలోనూ బంతిని అందుకుని దాడిని నడిపే ఆటగాడు. అక్టోబరు 14న ఈ రెండు జట్లూ ఓటమి ఎరుగకుండా, ముందు వారం విశ్రాంతి తీసుకుని సియాటెల్‌లో కలుసుకోవడం పట్టిక చేసిన మేలు. ఒరెగాన్ కోచ్ డాన్ లానింగ్ మూడుసార్లు నాలుగో డౌన్‌లో సాహసించాడు, మూడుసార్లూ ఫలించలేదు. చివరిసారి 33-29 ఆధిక్యంలో, రెండు నిమిషాల పైచిలుకు సమయం ఉండగా, ప్రత్యర్థి 47వ గజం గీత దగ్గర మూడు గజాలు కావలసిన చోట బంతిని తన్నించకుండా పాస్‌కు పోయి దాన్ని వదులుకున్నాడు. పెనిక్స్ రెండే పాస్‌లతో, 35 గజాలు ఒకటి, 18 గజాలు మరొకటి, గీత దాటించాడు. ఒరెగాన్ ఆఖరి క్షణపు కిక్ గురి తప్పి వాషింగ్టన్ 36-33తో గెలిచింది. ఎదుటి దాడి సత్తా బాగా తెలిసిన కోచ్‌కు బంతిని తిరిగివ్వడంకన్నా మూడు గజాల కోసం తెగించడమే మేలనిపించి ఉండవచ్చు. దాన్ని తొందరపాటుగా కొట్టిపారేయడం సులువే గాని న్యాయం కాదు.

అంతకు మూడు వారాల ముందు, సెప్టెంబరు 23న, ఎవరికీ అక్కర్లేక మిగిలిన రెండు జట్లూ పుల్‌మన్‌లో తలపడ్డాయి; వాషింగ్టన్ స్టేట్ 38-35తో ఒరెగాన్ స్టేట్‌ను ఓడించింది. గెలిచిన జట్టు ఆ తరువాత వరుసగా ఆరు మ్యాచ్‌లు ఓడిపోయింది. అలాంటి జట్టు నవంబరు 25న ఆపిల్ కప్ కోసం సియాటెల్ వచ్చి, ఒక్క మ్యాచ్ కూడా ఓడని వాషింగ్టన్‌ను 21-21 దగ్గర నిలబెట్టింది. నిమిషానికి కాస్త ఎక్కువ సమయం ఉంది; వాషింగ్టన్‌కు తన సొంత 29వ గజం గీత దగ్గర నాలుగో డౌన్, కావలసినది ఒక్క గజం. అక్కడ విఫలమైతే ప్రత్యర్థికి గెలుపు కిక్ దాదాపు చేతిలో పెట్టినట్టే. కోచ్ కేలెన్ డిబోర్ పాస్‌లు అందుకోవడమే పనిగా ఉండే రోమ్ ఒడూంజేకు బంతి చేతికిప్పించి అంచు వెంబడి పరిగెత్తించాడు. ఒక్క గజం కావలసిన చోట 23 గజాలు వచ్చాయి. గడియారం ఆగే క్షణాన గ్రేడీ గ్రాస్ 42 గజాల దూరం నుంచి బంతిని గోల్ కమ్మీల మధ్యకు తన్ని 24-21తో గెలిపించాడు. ఉపకారవేతనం లేకుండానే జట్టులో ఆడుతున్న అతనికి మ్యాచ్ ముగిశాక దుస్తుల గదిలోనే కోచ్ దాన్ని ప్రకటించాడు. ఓడిన జట్టు 5 గెలుపులు, 7 ఓటములతో సీజన్ ముగించినా, విజేతను పతనపు అంచుదాకా నెట్టినది అదే.

డిసెంబరు 1న లాస్ వేగస్‌లో జరిగిన కాన్ఫరెన్స్ ఫైనల్‌లో వాషింగ్టన్ మళ్లీ ఒరెగాన్‌ను 34-31తో ఓడించి, నాలుగు జట్ల జాతీయ ప్లేఆఫ్‌లో చోటు సంపాదించి, అక్కడ టెక్సస్‌ను గెలిచి, తుదిపోరులో మిషిగన్ చేతిలో 34-13తో ఓడిపోయింది. పాక్-12 నుంచి ఏ జట్టూ ప్లేఆఫ్ చేరక అప్పటికి ఏడేళ్లయింది. ఆట బాగుంటే వ్యవస్థ దానంతటదే నిలుస్తుందన్న నమ్మకానికి ఇంతకన్నా గట్టి ఖండన అక్కర్లేదు.

వెళ్లినవారికి నష్టమే జరిగిందనడం కూడా సరికాదు. కొత్త కాన్ఫరెన్స్‌లో మొదటి ఏడాదే, 2024లో, ఒరెగాన్ ఓటమి లేకుండా బిగ్ టెన్ విజేతగా నిలిచింది. ఫుట్‌బాల్ ఆదాయంతోనే ఈత, పరుగుపందేలు, జిమ్నాస్టిక్స్ వంటి క్రీడలను పోషించవలసిన విశ్వవిద్యాలయాలు పెద్ద ఒప్పందం వైపు మొగ్గడంలో లెక్క ఉంది. అయినా కూర్పు దృష్టితో చూస్తే పోయినది కనిపిస్తుంది. 18 జట్ల బిగ్ టెన్‌లో జోడీలు 153, మ్యాచ్‌లు 81. అంటే దాదాపు సగం జోడీలు ఆ ఏడాది కలుసుకోనే కలుసుకోవు, ఇద్దరి స్థానాలను పోల్చడానికి ఉమ్మడి ప్రత్యర్థులు కరువవుతారు. వాషింగ్టన్ సెప్టెంబరు నెలాఖరున దేశం ఆ కొసనున్న న్యూజెర్సీకి వెళ్లి రట్గర్స్ చేతిలో 21-18తో ఓడింది. పసిఫిక్ తీరపు స్టాన్‌ఫర్డ్ అట్లాంటిక్ పేరు పెట్టుకున్న కాన్ఫరెన్స్ సభ్యత్వంతో న్యూయార్క్ రాష్ట్రపు సిరక్యూస్‌కు ప్రయాణించింది.

ఆపిల్ కప్ నిలిచింది గాని తేదీ మారింది. అది 2024 సెప్టెంబరు 14న, కాన్ఫరెన్స్‌తో సంబంధం లేని మ్యాచ్‌గా సియాటెల్‌లో జరిగింది. 24-19తో వెనకబడిన వాషింగ్టన్‌కు ఆట చివర మళ్లీ నాలుగో డౌన్, మళ్లీ ఒక్క గజం, ఈసారి గీతకు ఎదురుగానే. క్వార్టర్‌బ్యాక్ పక్కకు పరిగెడుతూ వెనకున్న సహచరుడికి బంతి విసిరాడు. వాషింగ్టన్ స్టేట్ రక్షకులు అతన్ని గీతకు ఇవతలే పడగొట్టి మ్యాచ్ గెలిచారు. ఆట నాణ్యతలో ఆ క్షణం అంతకుముందు ఏటి క్షణానికి తీసిపోదు. అయితే 2023లో ఆ ఒక్క గజం మీద పన్నెండు వారాల శ్రమ ఆధారపడి ఉంది, ఈసారి సీజన్ మూడో వారమే కావడంతో ఓడినవారికి మరచిపోవడానికి రెండు నెలలకు పైగా సమయం దొరికింది.

పాక్-12 పేరును నిలుపుకున్న రెండు విశ్వవిద్యాలయాలు బోయిసీ స్టేట్, ఫ్రెస్నో స్టేట్, శాన్ డియేగో స్టేట్, కొలరాడో స్టేట్, యూటా స్టేట్, టెక్సస్ స్టేట్‌లను కలుపుకుని 2026 నుంచి ఎనిమిది ఫుట్‌బాల్ జట్లతో కాన్ఫరెన్స్‌ను మళ్లీ నిలబెట్టే ఏర్పాటు చేసుకున్నాయి. అగ్రశ్రేణి కాన్ఫరెన్స్‌గా గుర్తింపు పొందడానికి కావలసిన కనీస సంఖ్య అదే. ఎనిమిది జట్లయితే ప్రత్యర్థులు ఏడుగురే కనుక, ప్రతి జట్టూ ప్రతి జట్టునూ ఎదుర్కొనే పాత పద్ధతి మళ్లీ వీలవుతుంది. ‘ఎవరితో’ అన్న ప్రశ్నకు గణితం ఆ విధంగా జవాబు చెప్పగలదు. నూరేళ్ల పొరుగువారు లేని పట్టికలో ‘ఎప్పుడు’ అన్న ప్రశ్నకు జవాబును మాత్రం ఈ ఎనిమిది జట్లూ ఏటేటా ఒకే వారంలో, ఒకే ప్రత్యర్థితో, గెలిచినా ఓడినా ఆడుతూ మొదటినుంచీ సంపాదించుకోవాలి. ప్రసార ఒప్పందం గడువులను మించిన ఓపిక అందుకు కావాలి.